నా రక్తం సంగతి ముందు నాకు చెప్పాలి

మార్చి 3

మరదలికి,

బతికే ఉన్నాను. తుంటి కీలు తీసేసి కొత్తది పెట్టి ఇంటికి పంపారు. కర్ర పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తున్నాను. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది. నా క్షేమం సంగతి అంతే. నీ చెవి మిషను బాగు చేయించుకున్నావా? అది పని చేస్తుంటే ఇంత రాయకుండా ఫోన్లోనే అరిచేదాన్ని.

మా అమ్మాయి నా కత్తెర దాచేసింది.

నువ్వు చదివింది నిజమే. నాన్న చేతి నుంచి నా చేతికి వచ్చిన పెద్ద కత్తెర. ఆస్పత్రి నుంచి రాగానే కింద కుట్టుగదిలోకి వెళ్ళాను. బల్ల మీద సుద్ద ఉంది, టేపు ఉంది, ఇస్త్రీ పెట్టె ఉంది, కత్తెర లేదు. "ఏదమ్మా" అంటే "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అమ్మా" అంది. ఏది అని అడిగితే ఎక్కడుందో చెప్పాలి గాని విశ్రాంతి సంగతి ఎందుకు? అల్లుడు పక్కన నిలబడి గోడ వైపు చూస్తున్నాడు. గోడ మీద ఏముందని చూస్తున్నాడో నాకు తెలియదు.

కారణం చెప్తాను, విను. విను అని అలవాటుగా రాశాను, చదువు.

ఆపరేషనుకి ముందు వారం, హోటల్లో వాయించే బ్యాండు వాళ్ళకి ఎనిమిది కోట్లు కత్తిరించాను. ముదురాకుపచ్చ బట్ట. రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఏది లోపలో ఏది బయటో మనం గుర్తు పెడితే తప్ప తెలియదు. గీతలన్నీ గీసి, ముక్కలన్నీ కట్టలు కట్టి, కొత్తగా చేరిన కుట్టాయనకి అప్పగించి ఆస్పత్రికి వెళ్ళాను. నేను మంచం మీద ఉండగా ఆయన కుట్టి ఇచ్చాడు. బ్యాండు వాళ్ళు వేసుకుని చూసుకుంటే ఎనిమిదింటికీ పై జేబు కుడి రొమ్ము మీద ఉంది. కాజాలు ఆడవాళ్ళ కోటుకి ఉండే వైపు ఉన్నాయి. భుజాలు కుదిరాయి, చేతులు కుదిరాయి, మెడ దగ్గర ఒక్క ముడత లేదు. కాకపోతే కోటు మొత్తం అద్దంలో చూసిన కోటులా ఉంది. వాళ్ళు నవ్వుకుంటూ తెచ్చి పడేసి వెళ్ళారట. పెద్దావిడకి కుడీ ఎడమా తెలియడం లేదని వీధంతా పాకింది.

నేను తప్పు గీయలేదు. ఎలా జరిగిందో నాకు తెలియదు. కాని నేను గీయలేదు.

దీనికి తోడు రక్తం గొడవ. ఆపరేషనుకి ముందు ఒక డాక్టరమ్మ నా మంచం దగ్గరికి వచ్చింది. ఆపరేషను తర్వాత కొందరు పెద్దవాళ్ళకి జ్ఞాపకం, ఆలోచన మందగిస్తాయట. ఎవరికి అలా అవుతుందో రక్తంలో ముందే ఏదైనా ఆనవాలు దొరుకుతుందేమో అని పరిశోధన చేస్తున్నారట. మత్తు ఇవ్వకముందు ఒకసారి, తర్వాత ఒకసారి, మూడో నెలలో ఒకసారి రక్తం ఇవ్వాలి. కొన్ని మాటలు చెప్పి మళ్ళీ అప్పగించమంటారు, గడియారం బొమ్మ గీయమంటారు. మర్యాదగా అడిగింది, సరేనన్నాను. మొదటిసారి తీసిన రక్తంలోనే ఏదో ఎక్కువగా ఉందట. ఆ మాట నాకు చెప్పలేదు. మా అమ్మాయికి ఫోను చేసి చెప్పారు. అమ్మాయి అల్లుడికి చెప్పింది. అల్లుడు కుట్టాయనకి చెప్పాడు. ఆయన నా మొహం చూడకుండా టీ గ్లాసు పెట్టి వెళ్ళిపోతుంటే అనుమానం వచ్చి నిలదీశాను, అప్పుడు బయటపడింది. నా ఒంట్లో రక్తం సంగతి ఈ ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకు.

"ముందు నీ రక్తం చెప్పింది, తర్వాత కోట్లు చెప్పాయి, ఇంకేం కావాలమ్మా" అంటుంది మా అమ్మాయి. కుట్టుగదిలో బల్ల తీసేసి నాకు మంచం వేస్తారట. నేను మెట్లు ఎక్కక్కర్లేదట. నెలాఖరుకి బల్ల మోయడానికి మనుషుల్ని కూడా మాట్లాడేశారు. డెబ్భై దాటినదాన్ని, నా ఇంట్లో నా బల్ల ఎక్కడికి పోతుందో నన్నెవరూ అడగలేదు.

కోప్పడితే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇంతకు ముందు నేను కోప్పడితే పని జరిగేది. ఇప్పుడు కోప్పడితే జబ్బు ముదిరిందంటారు. నోరు మూసుకుని కూర్చుంటే "ఈ రోజు అమ్మ బాగుంది" అంటారు. మరదలా, ఒళ్ళు మండిపోతోంది.

మా తమ్ముడి చెయ్యి పట్టుకుని వచ్చిన దగ్గర్నుంచి నువ్వు నా పక్కనే కూర్చుని కుట్టావు. నా గీత నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా అమ్మాయికి ఒక ఉత్తరం రాయి. నేను అడిగేది అంతే. నీ చెవి మిషను బాగు చేయించుకున్నావో లేదో అదీ రాయి.

కోపంగా ఉన్న
నీ వదిన

మార్చి 12

వదినకి నమస్కారం.

మీరు లేచి నడుస్తున్నారని తెలిసి ప్రాణం కుదుటపడింది. ఇక్కడ నేనూ మా చెల్లెలూ బాగున్నాం. కింద సైకిలు షాపాయన తెల్లవారగానే సుత్తి అందుకుంటాడు. చెల్లెలు చెవులు మూసుకుంటుంది, నాకు ఆ శ్రమ లేదు.

మీ ఉత్తరం కంటే ముందే మీ అమ్మాయి ఉత్తరం వచ్చింది. ఆపరేషను తర్వాత ఏం జరిగిందో రాసింది. అవి మీకు గుర్తులేవని కూడా రాసింది. వార్డులో కర్టెను పట్టుకుని ఇది నా బట్ట, కత్తెర ఇవ్వండి అని పట్టుబట్టారట. సెలైను గొట్టంతో నర్సు భుజాలు కొలవబోయారట. అమ్మాయి చెయ్యి పట్టుకుంటే, వార్డంతా వినేలా, నా బట్ట ఎత్తుకుపోయిన దొంగ ఇదే అన్నారట. ఆ పిల్ల బయట వరండాలో కూర్చుని ఏడ్చిందట. డాక్టర్లు ఇది మత్తు తర్వాత కొందరికి వచ్చే తికమక, తగ్గిపోతుంది అన్నారు, తగ్గింది కూడా. కాని ఆమె భయం తగ్గలేదు వదినా. తల్లి నోట దొంగ అనిపించుకున్న పిల్ల, ఆ తర్వాత రక్తం సంగతి విని, ఆ పైన కోట్లు చూస్తే ఏమనుకుంటుంది?

కోట్ల గురించి నేనూ చాలా ఆలోచించాను. మీరు గీత తప్పడం నేనెప్పుడూ చూడలేదు. కాని వయసు మీద పడ్డాక ఎవరికైనా ఒక రోజు అలా జరగవచ్చు. మీకంటే చిన్నదాన్ని, అయినా చెప్తున్నాను, కొన్నాళ్ళు కోపం తగ్గించుకోండి. ఊరికే కోపం రావడం కూడా ఇందులో ఒక లక్షణమేనని మీ అమ్మాయి రాసింది. మెట్లెక్కే బాధ తప్పుతుంది, కింద గదిలో వెలుతురు బాగుంటుంది.

ఇంకో మాట. ఏమీ అనుకోకండి. ఒకే ఉత్తరంలో మీరు నా చెవి మిషను సంగతి రెండుసార్లు అడిగారు. మొదట అడిగినది మర్చిపోయారేమోనని నాకు గుబులు పుట్టింది. డాక్టరుకి చూపిస్తే మంచిదని మీ ఉత్తరం మీ అమ్మాయికి పంపించాను.

మీ మేలు కోరే
మరదలు

మార్చి 19

మరదలికి అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నా ఉత్తరం నా కూతురికి పంపావు. నన్ను వెనకేసుకురమ్మని అడిగితే నన్నే పట్టి ఇచ్చావు. రెండుసార్లు అడిగానా? చెవిటిదాన్ని ఏదైనా రెండుసార్లే అడుగుతారు. నీకు చెవులు మొరాయించినప్పటి నుంచి ప్రతి మాటా రెండేసి సార్లు చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. అప్పుడు నాకు జబ్బని నీకు తోచలేదే. పైగా నువ్వు రెండుసార్లు అడిగించుకుని ఒక్కసారైనా జవాబు రాయలేదు. మరి నీ రక్తం ఎవరైనా తీశారా?

మా అమ్మాయి ఆ ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చుంది. 'ఒళ్ళు మండిపోతోంది' అన్న చోట కింద ఎర్ర సిరాతో గీత గీసింది. ఈ ఇంట్లో గీతలు గీసేది నేను.

దొంగ అన్న మాట గురించి దాన్నే అడిగాను. "అన్నావమ్మా" అంది. నాకు గుర్తులేదు. గుర్తులేని మాటకి ఎలా బాధపడాలో తెలియక, "చిన్నప్పుడు జ్వరంలో నువ్వు కూడా నన్ను తిట్టావు" అన్నాను. మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. అది ఏడ్చిందని నీకు రాసింది గాని నాకు చెప్పలేదు. ఈ ఇంట్లో నా గురించిన ప్రతి మాటా నన్ను తప్పించుకుని నడుస్తోంది.

అందుకని ఎవరికీ చెప్పకుండా టాక్సీ పిలిపించుకుని ఆస్పత్రికి వెళ్ళాను. రక్తాలు చూసే గది మూడో అంతస్తులో ఉంది. అలమారంత ఫ్రిజ్‌లు వరసగా ఉన్నాయి, బల్ల మీద ఒక మిషను గిర్రున తిరుగుతోంది, దాని పక్కన చిన్న చిన్న గొట్టాల్లో మనుషుల రక్తాలు. అందులో ఏదో ఒకటి నాది. ఆ డాక్టరమ్మ బయటికి వచ్చింది. తెల్లకోటుకి మూడో బొత్తాం లేదు. చూపు అటే పోతుంటే బలవంతాన ఆపుకుని అడిగాను.

"నా రక్తంలో ఎక్కువ ఉందట. నిజమేనా?"

"నిజమేనండీ" అంది. "మెదడులో నరాల కణాలు దెబ్బతింటే వాటిలోని ఒక ప్రోటీను కొంచెం కొంచెం రక్తంలోకి వస్తుంది. మీకు ఆపరేషనుకి ముందే అది మామూలు కంటే ఎక్కువ ఉంది."

"అంటే నాకు మతి పోతోందా?"

"అలా చెప్పలేమండీ. వయసుతో అది పెరుగుతుంది. కిడ్నీలు నెమ్మదిగా పని చేసినా పెరుగుతుంది, మీ కిడ్నీలు కొంచెం నెమ్మదే. అది ఎక్కువ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఆపరేషను తర్వాత ఇబ్బంది వస్తుందా అని వందల మందిని కలిపి చూస్తున్నాం. ఒక్క మనిషిని కూర్చోబెట్టి మీకు ఇలా అవుతుంది అని చెప్పడానికి అది ఇంకా పనికిరాదు."

"అంటే మతి పోవడం లేదా?"

"అదీ చెప్పలేనండీ."

రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబు. కర్ర తీసుకుని బల్ల మీద ఒక్కటి కొట్టాలనిపించింది. కాని ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఈ నెలలో నాతో ఉన్నదున్నట్టు మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.

"మరి మా అమ్మాయికి ఎందుకు చెప్పారు?" అన్నాను. తల దించుకుంది. మూడో నెలలో నన్ను తప్పకుండా తీసుకురమ్మని చెప్పడానికి వాళ్ళ దగ్గర పనిచేసే అబ్బాయి ఫోను చేసి, అవసరానికి మించి మాట్లాడాడట. "అది మా తప్పు. పరిశోధనలో వచ్చినవి మేం ఎవరికీ చెప్పకూడదు" అంది.

"చెప్పకూడదంటే ఎవరికీ చెప్పకండి. చెప్పదలచుకుంటే ముందు నాకు చెప్పండి. మీరు ఈ రెండూ కాకుండా మూడోది చేశారు. నా కత్తెర పోయింది" అన్నాను. కత్తెర ఏమిటో పాపం ఆమెకి అర్థం కాలేదు.

ఇంటికి వచ్చినా కోపం దిగలేదు. తిరిగొచ్చిన కోట్లలో ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. కత్తెర లేదు కదా, అల్లుడి గడ్డం బ్లేడు తెచ్చి లైనింగు విప్పేశాను, లోపల ఏం తగలేశాడో చూద్దామని. కుట్టు బాగానే ఉంది, కాదనను. శుభ్రత మాత్రం లేదు. ప్రతి ముక్క మీదా నేను వేసిన ఇంటూ గుర్తు లైనింగు లోపల అలాగే ఉంది, సుద్ద దులపనే లేదు. కుట్టాయనని పిలిచి కడిగేశాను. సుద్ద వదిలేసి లైనింగు మూసేసే మాస్టరుని నా జన్మలో చూడలేదన్నాను. "లోపలే కదమ్మా, కనపడదు కదా" అన్నాడు. అప్పుడు ఇంకా మండింది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, బ్లేడు వైపు చూసి, దగ్గరికి వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

నెలాఖరుకి బల్ల పోతుంది. నువ్వు ఇక ఎవరికీ ఏమీ రాయనక్కర్లేదు.

ఒకప్పటి
నీ వదిన

మార్చి 25

వదినా,

చెవిటిదాన్నే. ఎన్నిసార్లైనా అనండి, నాకు వినపడదు. మీ ఉత్తరం మీకు చెప్పకుండా పంపడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. కాని నేను మిమ్మల్ని పట్టి ఇచ్చానన్న మాట మాత్రం ఊరుకోను. మీ తిట్లు తింటూ మీ పక్కన ఒక జీవితం కుట్టినదాన్ని. నాకు గుబులు పుడితే అది మీ మీద ప్రేమతో పుట్టింది, మీరు దాన్ని కూడా చీల్చి చూస్తే నేనేం చేయను?

నా కోపం అయిపోయింది. ఇప్పుడు నేను రాసేది నెమ్మదిగా చదవండి.

మీ ఇంటూ గుర్తులు లైనింగు లోపల ఉన్నాయని రాశారు. అవి లోపల ఎందుకు ఉంటాయి?

ఊళ్ళో అందరూ ఇంటూ గుర్తు బట్ట లోపలివైపు వేస్తారు. బయట పడితే మరక అవుతుందని భయం. మన దుకాణంలో మాత్రం బయటివైపు వేస్తాం. అది మామగారి పద్ధతి. సుద్ద బయట ఉంటే, దాన్ని దులపడానికైనా కోటంతా ఒకసారి కళ్ళతో చూస్తారు, అప్పుడు ఏ లోపం ఉన్నా దొరుకుతుంది అనేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సంగతి తెలియక, మా పుట్టింట్లో నేర్చుకున్నట్టు గుర్తు లోపలికి పెట్టి ఒక కోటు తిరగేసి కుట్టాను. మీ చేత ఎన్ని మాటలు పడ్డానో నాకు గుర్తుంది. అప్పుడు గళ్ళు ఒకవైపే బాగా కనపడే బట్ట కాబట్టి సగంలోనే దొరికిపోయాను.

ఈ ఆకుపచ్చ బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుందని మీరే రాశారు. ఆ కుట్టాయన బయట ఎక్కడో నేర్చుకున్నవాడు. మీ గుర్తు చూసి అది లోపలివైపు అనుకున్నాడు. ప్రతి ముక్కా తిరగేశాడు. ఎడమ ముందు ముక్క కుడి వైపుకి పోయింది, కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయింది, జేబు, కాజాలు వాటితో పాటే పోయాయి. అన్నీ తిరగబడ్డాయి కాబట్టి కుట్టు చక్కగా కుదిరింది. మీ గీత తప్పు లేదు. ఆయన కుట్టూ తప్పు లేదు. మన గుర్తు ఏ వైపో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మీ అమ్మాయికి కూడా ఇదే సంగతి రాస్తున్నాను. ఈసారి మీకు చెప్పి రాస్తున్నాను. ముందు మీది పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాత ఆమెది వేస్తాను.

మీరు ఏమన్నా
మీ మరదలినే

ఏప్రిల్ 4

మరదలా,

బల్ల ఎక్కడిదక్కడే ఉంది. కత్తెర బల్ల మీద ఉంది.

నీ ఉత్తరం పట్టుకుని మా అమ్మాయి కిందికి వచ్చింది. కోటు తీసి, లైనింగు పక్కకి లాగి, ఒక్కొక్క గుర్తునీ వేలితో తడిమి చూసింది. తర్వాత నేల మీద కూర్చుండిపోయింది. కత్తెర తన బట్టల అలమారలో, నా పాత శాలువాలో చుట్టి పెట్టిందట. తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నన్ను దొంగ అన్నావు చూడు, అదే అయ్యాను" అంది. నేను దాని తల మీద చెయ్యి వేశాను. క్షమించమని నోటితో అనలేకపోయాను గాని చెయ్యి చాలాసేపు తీయలేదు.

కుట్టాయనని అడిగితే, "వాయించేవాళ్ళకి జేబు అటు ఉంటే వీలేమో అనుకున్నానమ్మా. అడుగుదామంటే, నా గీత ఎలా చెప్తే అలా కుట్టు, నీ బుర్ర ఇంట్లో పెట్టి రా అని మీరు మొదటి రోజే అన్నారు కదా" అన్నాడు. అన్నాను. శుభ్రంగా గుర్తుంది. అందరూ ఒకటే నవ్వు. అల్లుడు కూడా గోడ వైపు కాకుండా నా వైపు చూసి నవ్వాడు. ఎనిమిది కోట్లూ విప్పి, తిప్పి మళ్ళీ కుడుతున్నారు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు.

నేను తప్ప.

నువ్వు ఎక్కడో మేడ మీద కూర్చుని, నా ఉత్తరంలో ఒక్క వాక్యం చదివి పట్టుకున్నావు. ఆ కోటు నా ఒళ్ళో ఉంది. లైనింగు నేనే విప్పాను. నా గుర్తు, నా సుద్ద, నా కళ్ళ ముందు లోపలివైపు ఉంది. గుర్తు బయటికి, గుర్తు బయటికి అని జీవితమంతా నీ చెవులు పోయేదాకా అరిచింది నేను. ఆ గుర్తు చూసి నాకు తోచింది ఏమిటి? సుద్ద దులపలేదని. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఒక మనిషిని తిట్టి, అది నీకు గొప్పగా రాసి పంపాను. పోయినేడు అయితే లైనింగు సగం విప్పకముందే నాకు అర్థమైపోయేది.

అది నీకు తెలుసు. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాక నాకు తెలిసింది, నువ్వు గమనించావని. 'నెమ్మదిగా చదవండి' అని రాశావు. నాకు నెమ్మదిగా చదవమని నువ్వు ఎప్పుడైనా చెప్పావా? నాన్న పద్ధతి ఏమిటో, మన గుర్తు ఏ వైపో, కొత్తగా పనిలో చేరినదానికి చెప్పినట్టు మొదటి నుంచి నాకే చెప్పావు. అంటే అది నాకు గుర్తుందో లేదోనని అనుమానపడ్డావు. అనుమానపడి, దాని గురించి ఒక్క మాట రాయకుండా నన్ను గెలిపించి ఊరుకున్నావు. దానికి నీ మీద ఎంత కోపంగా ఉందంటే, కలం గట్టిగా నొక్కి కాగితం చిరిగింది, చూడు.

మా అమ్మాయికి నేనే చెప్పాను. కోట్ల తప్పు నాది కాదు గాని ఆ గుర్తు చూసి పోల్చుకోలేకపోవడం మాత్రం నాదే అన్నాను. ఏమంటుందో తెలుసా? "ఆపరేషను నీరసం అమ్మా, ఎవరికైనా అలాగే ఉంటుంది, మనసులో పెట్టుకోకు." బాగున్నాను మొర్రో అంటే నమ్మలేదు. బాగాలేను అంటే ఇప్పుడూ నమ్మడం లేదు. నా మాటకి విలువ ఎప్పుడొస్తుందో ఆ రక్తం పరీక్షలో ఏమైనా తెలుస్తుందేమో కనుక్కోవాలి.

మూడో నెల రక్తానికి వెళ్తాను. డాక్టరమ్మకి ఫోను చేసి గుర్తు సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నది. కొందరికి నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి రాదు, మీరు ఏ కొందరిలో ఉన్నారో ఇప్పుడే తెలియదు అంది. ఏదైనా చెప్పాల్సినది ఉంటే ముందు నాకే చెప్తానని మాట ఇచ్చింది. ఆమె తెల్లకోటు పంపితే బొత్తాం కుట్టిస్తానన్నాను.

ఇంకొకటి నిర్ణయించుకున్నాను. ఇక నుంచి ఇంటూ గుర్తు లోపలివైపు వేస్తాను, ఊళ్ళో అందరిలాగే. నా గుర్తు నేనే పోల్చుకోలేని రోజు వస్తే, కుట్టేవాడు ఎవరైనా సరే నన్ను అడగకుండా కుట్టగలగాలి. నిన్న మొదటి కోటు ముక్కల మీద అలాగే వేశాను. సుద్ద రెండుసార్లు విరిగింది. నాన్న పెట్టిన పద్ధతి నా చేతుల్తో నేనే ఆపేశాను. నాకు మంచిగా మాట్లాడే ఓపిక లేదు, నా కోపం తగ్గించుకోమని ఎవరూ నాకు చెప్పొద్దు. ఇది జబ్బు కోపం కాదు. పోతున్నదాన్ని చూస్తూ ఉన్నందుకు వచ్చే కోపం.

దీనితో పాటు ఒక కట్ట వస్తుంది. నీకు చలికోటు ముక్కలు. నీ కొలతలు ఎక్కడా చూడలేదు, చేతికే గుర్తున్నాయి. నువ్వు లావెక్కి ఉంటే అది నా తప్పు కాదు. వాటి మీద మాత్రం గుర్తు బయటివైపు వేశాను, ఇదే ఆఖరు. కుట్టేటప్పుడు కళ్ళు పెట్టి చూడు. తప్పు కనిపిస్తే మా అమ్మాయికి రాయకు. మెత్తమెత్తగా చుట్టి కూడా రాయకు. నాకు రాయి. ముందు నాకు రాయి.

నీ వదిన

ఏప్రిల్ 15

వదినా,

కట్ట అందింది. చెవి మిషను బాగు చేయించుకున్నాను. ఇక మీరు ఏదైనా ఒక్కసారి అడిగితే చాలు.

నేను లావెక్కలేదు. వెనక ముక్క, ముందు ముక్కలు, మెడపట్టీ, కుడి చెయ్యి అన్నీ మీ గీతే. ఎడమ చెయ్యి కుడి చేతికంటే రెండు వేళ్ళు పొట్టిగా ఉంది. ఒకదాని మీద ఒకటి పరిచి చూశాను, తిప్పి చూశాను. బట్ట ముడుచుకోలేదు. గీతే అక్కడ ఆగిపోయింది.

మీ అమ్మాయికి రాయలేదు. పక్కనే ఉన్న మా చెల్లెలికి కూడా చెప్పలేదు. ముందు మీకే చెప్తున్నాను.

నాకూ కోపంగా ఉంది వదినా. ఎవరి మీద చూపించాలో తెలియక పొద్దున సైకిలు షాపాయన మీద అరిచి వచ్చాను.

ఆ పొట్టి చెయ్యి అలాగే కుట్టుకుని తొడుక్కోను. వేరే బట్ట అతుకు వేయను. ఆ ముక్క ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను, మీరే చూసుకోండి. అదే బట్టలో ఎడమ చెయ్యి మళ్ళీ గీసి, మళ్ళీ కత్తిరించి పంపండి. గుర్తు బయటివైపే వేయండి. కుట్టేది నేను.

మీ మరదలు